హరితహారం మొక్క: నర్సరీకి మూడు మార్కులు, మే నెలకు సున్నా

తెలంగాణలో ఊరూరా మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం హరితహారం 2015 జులైలో మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు, రాష్ట్ర విస్తీర్ణంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం. ఇప్పుడు దాని పేరు వన మహోత్సవం. పేరు మారినా పంచాయతీ నర్సరీ, ఉపాధి హామీ గుంత, ట్రాక్టర్ ట్యాంకర్ అవే.

నర్సరీ సంగతి ముందు. మొక్క ఉచితం, ఊళ్లోనే దొరుకుతుంది. తీసుకునేటప్పుడు ఆకులు చూసి మురిసిపోకుండా కవరు అడుగు తిప్పి చూడాలి. వేరు కవరును చీల్చుకుని నేలలోకి దిగి ఉంటే, ఎత్తేటప్పుడు తెగుతుంది, వారం తిరక్కుండా మొక్క వాడిపోతుంది. నిరుడు మిగిలిన మొక్కను అదే చిన్న కవరులో ఉంచేస్తే వేర్లు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. అలాంటిది రెండేళ్లు ఏపుగా పెరిగి, ఒక పెద్ద గాలికి వేళ్లతో సహా ఒరిగిపోతుంది.

గుంత కొలత పొడవు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్లు. కాగితం మీద బాగుంటుంది. రోడ్డు పక్క మొరం నేలలో గడ్డపార జానెడు దిగి ఆగిపోతుంది, మొక్కనూ అక్కడే పెట్టేస్తారు. చచ్చిన మొక్కను పీకితే చాలాసార్లు నల్ల కవరు కూడా ఊడి వస్తుంది, విప్పకుండానే నాటారన్నమాట.

అసలు పరీక్ష ఎండాకాలం. నాలుగు మీటర్లకొకటి చొప్పున రెండు వైపులా నాటితే కిలోమీటరుకు 500 మొక్కలు. ఒక్కో మొక్కకు 20 లీటర్లు పోస్తే 5,000 లీటర్ల ట్యాంకరు 250 మొక్కలకే సరి. అంటే కిలోమీటరుకు రెండు ట్యాంకర్లు, వారానికి రెండుసార్లయినా. ఐదు కిలోమీటర్ల రోడ్డుంటే వారానికి 20 ట్రిప్పులు. ఉన్నది ఒక్క ట్రాక్టరు, పొద్దున్నే చెత్త ఎత్తేదీ అదే. డీజిలు ఖర్చు పంచాయతీ నెత్తిన. నాటిన రోజు ఫొటోకు ఉన్న లెక్క ఈ ట్రిప్పులకు లేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కల్లో 85 శాతం బతకాలంది. లేకుంటే సర్పంచ్, కార్యదర్శి పదవులకే ఎసరు. ఉద్దేశం మంచిదే, ఫలితం వంకర. జూన్‌లో ఎండిన చోట కొత్త మొక్క పెడితే ఆ గుంత లెక్కలో ఎప్పటికీ బతికే ఉంటుంది! పశువులు ముట్టని, త్వరగా పెరిగే కోనోకార్పస్ అనే విదేశీ మొక్క రోడ్ల నిండా విస్తరించడంలోనూ ఈ భయం పాత్ర ఉందని మా అంచనా. తర్వాత ప్రభుత్వమే దాన్ని వద్దంది. కరెంటు తీగల కింద నాటినవైతే ఏటా లైన్‌మన్ కత్తికి మోడులవుతున్నాయి.

ఇంటికి ఆరు మొక్కలిస్తామంటే నీళ్లు పోయగలిగిన రెండే తీసుకోండి. కానుగో నేరేడో అడగండి. ఆగస్టులోపు కవరు కోసి, మట్టిగడ్డ చెదరకుండా నాటి, పాదు కట్టి, చుట్టూ ముళ్లకంప వేయండి. మేకకు ట్రీగార్డు కన్నా కంపంటేనే భయం.