మనముండే అమెరికా ఊరి చరిత్రకు ఏ పుస్తకం మేలు?

న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చి పదకొండేళ్లయింది. ఓక్ ట్రీ రోడ్డులో ఏ కొట్లో గోంగూర తాజాగా ఉంటుందో ఎవరడిగినా చెబుతాను. పోయిన వేసవిలో గుడివాడ నుంచి నాన్న వచ్చారు. రెండోరోజు సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు, వరసగా ఉన్న ఇళ్లను చూస్తూ "ఇదివరకు ఇక్కడ ఏం పండేదిరా?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. అది మనసులో ఉండిపోయి, ఆ వారమే లైబ్రరీలో స్థానిక చరిత్ర అల్మరా దగ్గరికి వెళ్లాను.

అక్కడ నాలుగు రకాల పుస్తకాలు కనిపించాయి. ఏ రాష్ట్రంలో ఉన్నవాళ్లకైనా దాదాపు ఇవే నాలుగు రకాలు ఎదురవుతాయి. దేంతో మొదలుపెట్టాలో తెలియక చేతికి దొరికింది తీసుకుంటే యాభై పేజీలు కూడా సాగదు. అందుకే నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూశాను.

ముందు అందరికీ కనబడేది ఫోటోల పుస్తకం. ఆర్కేడియా అనే ప్రచురణ సంస్థ 1990ల నుంచి వేస్తున్న 'ఇమేజెస్ ఆఫ్ అమెరికా' వరస ఇది. గోధుమరంగు పాత ఫోటో అట్ట, 128 పేజీలు, లోపల రెండు వందల దాకా ఫోటోలు. పెద్ద నగరాలకే కాదు, మనం పేరు కూడా వినని చిన్న ఊళ్లకూ ఉంది. ఎడిసన్‌కూ ఉంది. రాసేవాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లే, స్థానిక చరిత్ర సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. ఇళ్లలో అటకల మీద పడున్న ఫోటోలు వీళ్లు అడిగితేనే బయటికొస్తాయి. ఆ పని ఇంకెవరూ చేయలేరు.

నాన్న ఈ పుస్తకాన్ని గంటన్నరసేపు చూశారు. ఇంగ్లీషు వాక్యాలు ఆయనకు అంతగా అందవు, బొమ్మలు మాత్రం అందాయి. బండి చక్రాలు, గుర్రాల పట్టీలు, పొలం పక్కన కొట్టాలు, ఒక్కోదాని మీద వేలుపెట్టి ఇదేమిటి, అదేమిటి అని అడిగారు. కానీ నాకు సగంలోనే లోటు తెలిసింది. ఫోటో కింద ఎవరు, ఏ వీధి, ఏ సంవత్సరం అన్నదే ఉంటుంది. ఆ పొలం ఎందుకు అమ్ముడుపోయిందో, కొన్నదెవరో ఆ నాలుగు వాక్యాల్లో పట్టదు. పైగా ఫోటో తీయించుకునే స్తోమత ఉన్నవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. కూలి చేసినవాళ్లు కనిపించినా చాలాసార్లు పేర్లుండవు.

రెండోది పాతకాలపు కౌంటీ చరిత్ర. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మా మిడిల్‌సెక్స్ కౌంటీకి సంబంధించింది 1882లో వచ్చింది. డబ్ల్యూ. వుడ్‌ఫర్డ్ క్లేటన్ కూర్చిన ఈ పుస్తకంలో పక్కనున్న యూనియన్ కౌంటీ చరిత్ర కూడా ఉంది. 1876లో దేశానికి నూరేళ్లు నిండినప్పుడు ఊరూరా చరిత్ర రాసుకోమని అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసింది. ఆ ఊపులో ఇలాంటివి కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ముందుగా చందాలు కట్టించుకుని అచ్చువేసే పద్ధతి కాబట్టి, డబ్బిచ్చినవాళ్ల జీవిత చరిత్రలకూ బొమ్మలకూ చాలాచోట్ల పెద్దపీట వేశారు. దాదాపు అదే సమయానికి, 1883లో, మా కృష్ణా జిల్లాకూ గోర్డన్ మెకంజీ రాసిన మాన్యువల్, అంటే జిల్లా వివరాల పుస్తకం, వచ్చింది. అది సర్కారు పాలన కోసం రాయించింది, ఇది చందాదారుల కోసం రాసింది. రెండింటిలోనూ ఎవరి మాట వినిపిస్తుందో చూసుకుంటూ చదవాలి. కౌంటీ చరిత్రను వరసగా చదవలేం. ఫలానా వాగు, ఫలానా చర్చి, ఫలానా ఇంటిపేరు అని వెతుక్కోవడానికి మాత్రం దీనికి సాటి లేదు. కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కనుక ఇలాంటివి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

నన్ను కట్టిపడేసింది మూడోది. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక పస్తులున్నవాళ్లలో రచయితలు, విలేఖరులు, టీచర్లు కూడా ఉన్నారు. వాళ్లకు జీతమిచ్చి దేశం గురించి రాయించడానికి 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ మొదలుపెట్టింది. రాష్ట్రానికొక గైడు వేయాలన్నది ప్రధానమైన పని. 1937లో ఐడహోతో మొదలై, అప్పటికున్న 48 రాష్ట్రాలకూ వచ్చాయి. రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్, జోరా నీల్ హర్‌స్టన్, సాల్ బెలో, వీళ్లంతా పేరు రాకముందో, పేరొచ్చినా డబ్బు లేనప్పుడో ఈ ప్రాజెక్టు జీతం తీసుకున్నవాళ్లే. ఆకలితో ఉన్న రచయితకు ప్రభుత్వం ఇలా చేయందించిందని చదివినప్పుడు నాకు నిజంగా కడుపు నిండినట్టయింది.

న్యూజెర్సీ గైడు 1939లో వచ్చింది. ముందు భాగంలో చరిత్ర, పరిశ్రమలు, జనం గురించి వ్యాసాలు. తర్వాత ఒక్కో నగరం. ఆ తర్వాత రోడ్డు వెంట ప్రయాణాలు. ఊరి పేరు, పక్కన ఇన్ని మైళ్లు, సముద్రమట్టానికి ఇంత ఎత్తు, జనాభా ఇంత. ఆ వెంటనే ఆ ఊరి కథ. ఎడిసన్ అనే ఊరి పేరుతో వెతికితే ఇందులో దొరకదు, ఎందుకంటే 1954 దాకా మా ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. టర్న్‌పైక్ కూడా ఉండదు, అది 1951లో వచ్చింది. మనం రోజూ టోల్ కట్టి దూసుకుపోయే దారి లేని న్యూజెర్సీని ఊహించుకోవాలంటే ఈ పుస్తకం తెరవాల్సిందే.

ఒక ఆదివారం గైడు నాన్న చేతికిచ్చి, కారులో ట్రిప్ మీటర్ సున్నా చేసి, 27వ నంబరు రోడ్డు పట్టుకుని మెన్లో పార్క్ దాకా వెళ్లాం. నాన్న అంకెలు, ఊళ్ల పేర్లు చదువుతుంటే నేను మీటరు చూసుకున్నాను. లెక్క సరిగ్గా కలవలేదు, మధ్యలో రోడ్లు మారిపోయాయి. కొండమీద పెద్ద బల్బుతో నిలబడ్డ 1938 నాటి స్తంభం దగ్గర ఆగాం. 1876లో బల్బు ఎడిసన్, అదే థామస్ ఎడిసన్, ఇక్కడ ల్యాబ్ పెట్టేనాటికి మెన్లో పార్క్ అంటే ప్లాట్లు అమ్ముడుపోక మూలబడ్డ వెంచర్ అని చెప్పాను. నాన్నకు వెంటనే అర్థమైంది.

ఈ గైడ్లలో మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది, అది ధైర్యం. మసాచుసెట్స్ గైడులో, స్వాతంత్ర్య పోరాటంలో పేరుపడ్డ బోస్టన్ టీ పార్టీ కంటే, వివాదాస్పదమైన హత్యకేసులో మరణశిక్ష పడ్డ ఇటాలియన్ వలసదారులు సాకో, వాంజెట్టిల కేసు మీదే ఎక్కువ పంక్తులున్నాయని 1937లో పెద్ద గొడవ జరిగింది. వాళ్లిద్దరికీ ఆ శిక్ష అమలై అప్పటికి పదేళ్లే. లోపాలూ లేకపోలేదు. మూలవాసుల గురించి, నల్లజాతివాళ్ల గురించి రాసిన తీరు కొన్నిచోట్ల ఈరోజు చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. తర్వాతి ఎనభై ఏళ్లకు పైబడిన కాలం సంగతీ ఉండదు. అంటే మనవాళ్లు ఇక్కడికి వచ్చిన కాలం మొత్తం బయటే ఉండిపోతుంది.

ఆ ఖాళీని కొంత పూడ్చేది నాలుగోది, ప్రొఫెసర్లు రాసిన చరిత్ర. కెన్నెత్ జాక్సన్ 'క్రాబ్‌గ్రాస్ ఫ్రాంటియర్' 1985లో వచ్చింది. ప్రభుత్వం హామీ ఇచ్చిన ఇంటి లోన్లు, హైవేలు కలిసి శివారు ఊళ్లను ఎలా పుట్టించాయో, నల్లవాళ్లున్న పేటలకు ఆ లోన్లు ఎలా అందకుండా పోయాయో ఇందులో ఉంది. లిజబెత్ కోహెన్ 'ఎ కన్‌స్యూమర్స్ రిపబ్లిక్' 2003లో వచ్చింది. అందులో ఎక్కువ ఉదాహరణలు న్యూజెర్సీవే, పరామస్‌లో 1957లో తెరిచిన రెండు మాల్స్‌తో సహా.

ఇల్లు కొనేముందు మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూస్తారు, ప్రాపర్టీ టాక్స్ చూస్తారు, టెన్షన్ పడతారు. పక్కపక్క ఊళ్ల మధ్య అంత తేడా ఎందుకుందో ఎవరూ చెప్పరు. స్కూలు ఖర్చులో పెద్ద భాగం ఆ ఊరి ఇంటిపన్ను మీదే నడుస్తుంది. ఏ స్థలంలో ఎలాంటి ఇళ్లు కట్టొచ్చో చెప్పే జోనింగ్ నియమాలను ఎవరి ఊరికి వాళ్లే గీసుకుంటారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను ఆ జోనింగ్‌తో బయటపెట్టకూడదని 1975లో మౌంట్ లారెల్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఇలాంటి సంగతులు ఫోటోల పుస్తకంలో దొరకవు. అయితే ఈ పుస్తకాలు మన వీధి గురించి చెప్పవు, చదవడానికి ఓపిక కావాలి.

ఒక్కటే చదవగలను, ఏది చదవమంటావు అంటే నా ఓటు మీ రాష్ట్రం గైడుకే. పాతదైనా, మన ఊరిని పక్క ఊరితో, రోడ్డుతో, నదితో కలిపి చూపించేది అదొక్కటే. కొనక్కర్లేదు, మీ లైబ్రరీలో లేకపోయినా ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే మాత్రం ముందు జాక్సన్ పుస్తకం చదవండి, గైడు తర్వాత చూడొచ్చు. కౌంటీ చరిత్ర ఫోన్లో ఉంచుకుంటే సరిపోతుంది.

ఫోటోల పుస్తకాన్ని నేను మూడో స్థానంలో పెట్టాను. నాన్న ఒప్పుకోలేదు. పాతిక డాలర్ల లోపే కదా అని ఆయన కోసం ఒకటి కొన్నాను. వెళ్లేటప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్లారు. పోయిన వారం ఫోన్ చేస్తే, మా వీధి అరుగు మీద దాన్ని తెరిచి పక్కింటి బాబాయికి చూపిస్తున్నారు. "మావాడి ఊరు. ఇవన్నీ పొలాలే అప్పుడు."