క్యాన్సర్ వైద్యానికి పిల్లలతో హైదరాబాద్ వస్తే ఎక్కడుండాలి? చుట్టాల ఇల్లా, అద్దె గదా, ఉచిత వసతా, ఊరి నుంచి రాకపోకలా?

పిల్లవాడికి ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అని తేలిన రోజు డాక్టర్ ఎంత చెప్పినా తల్లిదండ్రుల బుర్రలో నిలిచేవి రెండే ముక్కలు. నయమయ్యే అవకాశం బాగా ఉంది. వైద్యం మాత్రం రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. వైద్యం ఖర్చుకి ఆరోగ్యశ్రీ ఉంది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షలైంది. అయితే ఆ కార్డు మందులకీ బెడ్డుకీ పనికొస్తుంది గానీ ఇంటద్దెకి పనికిరాదు. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నీలోఫర్ పిల్లల ఆస్పత్రి చుట్టుపక్కల సంచులతో, టిఫిన్ డబ్బాలతో కూర్చున్న కుటుంబాల్ని ఎవరు కదిపినా ముందు ఈ మాటే వస్తుంది: ఇన్నాళ్లూ ఎక్కడుండాలి?

మా అక్క వాళ్లది ఖమ్మం దగ్గర పల్లె, మాది మలక్‌పేట. వాళ్ల చిన్నవాడికి ఆరేళ్లప్పుడు ఈ జబ్బు బయటపడింది. మా ఇల్లు, అద్దె గది, ఊరి నుంచి రాకపోకలు, మూడూ అయ్యాయి. ఉచిత వసతిలో వార్డులో పరిచయమైన వాళ్లుండేవాళ్లు, వాళ్ల దగ్గరికి వెళ్లొస్తూ అదీ చూశాం.

వీటిని తూచడానికి నేను వాడే రాయి ఒక్కటే, జ్వరం. కీమో ఎక్కించాక వారం పది రోజులకి రక్తకణాలు పడిపోతాయి. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, ఐదొందల కిందికి దిగిన పిల్లవాడికి 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అది ఎమర్జెన్సీయే. వాడు చక్కగా ఆడుకుంటూ ఉండొచ్చు, అయినా సరే. ఆస్పత్రికి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలంటారు. ఇంట్లో పారాసిటమాల్ వేసి చూద్దామనుకుంటే జ్వరం తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే అద్దె లెక్కలకంటే ముందు ఇది అడగాలి: రాత్రి రెండింటికి ఒళ్లు కాలితే ఎంతసేపట్లో ఆస్పత్రిలో ఉంటాం?

అలా అడిగితే ఊరి నుంచి రాకపోకలు మొదటి ఆరేడు నెలలకి పనికిరావు. ఖమ్మం ఇక్కడికి దాదాపు రెండొందల కిలోమీటర్లు. చవక మాట నిజమే. క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తి ఉచితం, తోడొచ్చే మనిషికి 75 శాతం రాయితీ. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆస్పత్రి ఇచ్చిన ఫారం కౌంటర్లో చూపించాలి. తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎలాగూ ఉచితమే. కానీ కణాలు పడిపోయిన పిల్లవాణ్ణి కిక్కిరిసిన బస్సులో కూర్చోబెట్టడానికి ప్రాణం ఒప్పదు. ఇంకో చిక్కుంది. నెల తిరిగేసరికి రెమిషన్ వచ్చిందంటారు, అంటే పరీక్షల్లో జబ్బు కనిపించడం లేదని. పిల్లవాడు తేరుకుంటాడు, అన్నం తింటాడు. ఇక ఊళ్లో ఉన్నవాళ్లకి, "పత్తి తీతలున్నాయి, ఈ వారానికి ఆగుదాం" అనిపిస్తుంది. జబ్బు కంటికి కనిపించడం మానేసిందే తప్ప పోలేదు. మధ్యలో వైద్యం ఆపేస్తే తిరగబెడుతుంది, అప్పుడు నయం చేయడం ఎంతో కష్టం.

చుట్టాల ఇంటి సంగతి నేను ఆ ఇంటి మనిషిగానే చెబుతాను. మొదట్లో అందరం అదే మేలనుకుంటాం. వండిపెట్టే చెయ్యి ఉంటుంది, రాత్రి ఆటో పిలవడానికి మగమనిషి ఉంటాడు, పైసా అద్దె లేదు. మొదటి నెల, అంటే ఇండక్షన్ దశలో, తల్లి కాళ్లకింద నేల కదిలిపోయినప్పుడు, దానికి మించింది లేదు. ఆ తర్వాతే కష్టం.

స్టెరాయిడ్ ఇచ్చే రోజుల్లో పిల్లలకి వేళాపాళా లేని ఆకలి. మావాడు అర్ధరాత్రి లేచి చారన్నం కావాలని ఏడ్చేవాడు. తాలింపు పెడితే ఆవాలు చిటపటలాడి మావారికి నిద్రాభంగమవుతుందని అక్క చీకట్లో తాలింపు లేని చారే కలిపి పెట్టేది. వాడు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది చారు కాదు" అని కంచం తోసేవాడు. పొద్దున నేను లేచేసరికి గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉండేవి.

"ఎందుకక్కా, పనమ్మాయి వస్తుంది కదా. కాసేపు నడుం వాల్చు."

"ఊరికే కూర్చుంటే తోచదే నాకు."

తోచకపోవడం కాదది, మొహమాటం. కడుపునిండా ఏడవడానికి కూడా బాత్రూంలో నల్లా తిప్పుకోవాల్సొచ్చేది. బావకైతే మరదలింట్లో పడుకోవడం నామోషీ. టీ తాగొస్తానని వెళ్లి ఆస్పత్రి వరండాలోనే తెల్లారేదాకా ఉండిపోయేవాడు. వీటికితోడు పలకరింపులు. యాపిల్ పండ్ల సంచితో వచ్చి, పిల్లవాడు వింటుండగానే "మా ఆడపడుచు తోటికోడలికీ ఇదే, పాపం ఆర్నెల్లు కూడా..." అని మొదలుపెట్టేవాళ్లకి మన బంధువర్గంలో కొదవలేదు. పండ్లు ఫ్రిజ్‌లో పెట్టి మనిషిని గుమ్మంలోంచే పంపడం నేను అప్పుడే నేర్చుకున్నాను.

వైద్యం వైపు నుంచి ఇంకో ఇబ్బంది. ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే జలుబు దగ్గర్నుంచి ఆటలమ్మ దాకా అన్నీ మోసుకొస్తారు. కీమోలో ఉన్న పిల్లవాడికి ఆటలమ్మ, తట్టు ప్రాణం మీదికి తేగలవు. ఇంట్లో ఎవరికి పొక్కులు కనబడినా ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పల్స్ పోలియో ఆదివారం చుక్కలు వేయించేముందు కూడా అడగాలి. చుక్కల మందులో ఉండేది బతికున్న వైరస్, దాని బదులు ఇంజెక్షన్ ఉంది.

నా లెక్కలో చుట్టాలిల్లు ఒక నెలకి మేలు, ఆరు నెలలకి కాదు. అక్కాచెల్లెళ్ల మధ్య ప్రేమ ఎంతున్నా ఈ మాట మారదు. తర్వాత చుట్టాలు చేయగల గొప్ప సాయం క్యారేజీ మోయడం.

అద్దె గదిలోకి మారాక అక్క మొదట చేసిన పని పెద్దగా తాలింపు వేసుకోవడం. రెడ్ హిల్స్, ఏసీ గార్డ్స్, నాంపల్లి ప్రాంతాల్లో రోజు లెక్కనా నెల లెక్కనా గదులు దొరుకుతాయి, గ్యాస్ స్టవ్ పెట్టుకోనిస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. చౌకని మూడో అంతస్తు తీసుకోవద్దు. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ల వల్ల కొందరు పిల్లలకి పాదాలు పట్టు తప్పుతాయి, ఈడ్చుకుంటూ నడుస్తారు. అప్పుడు ప్రతి మెట్టూ తల్లి చంకలోనే. బాత్రూం ఇతరులతో కలిసి వాడాల్సిన గదీ వద్దు. "క్యాన్సర్" అనగానే గది లేదనే ఓనర్లు తగులుతారు. అక్కకి ఒకాయన అడ్వాన్సు చేతికి తీసుకున్నాక కూడా వెనక్కిచ్చేశాడు. పిల్లవాడు వార్డులో చేరి గది ఖాళీగా ఉన్నా అద్దె ఆగదు. తండ్రి ఊళ్లో కూలికో వ్యవసాయానికో వెళ్తేనే ఆ అద్దె పుడుతుంది కాబట్టి రాత్రిళ్లు తల్లి ఒంటరి.

అందుకే చోటు దొరికితే నా ఓటు ఉచిత వసతికి. ముంబైలో 2006లో మొదలైన సెయింట్ జ్యూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్లకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. క్యాన్సర్ వైద్యం నడుస్తున్న పిల్లవాడికీ తల్లిదండ్రులకీ అద్దె లేకుండా చోటిస్తారు, వంట ఎవరిది వాళ్లే చేసుకుంటారు. నేరుగా వెళ్లి తలుపు తట్టడం కాదు, ఆస్పత్రిలోని సోషల్ వర్కర్ ద్వారా వెళ్లాలి. కాబట్టి అడ్మిషన్ రోజే ఆ మనిషి ఎవరో కనుక్కుని పేరు రాయించుకోండి. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ.

అక్కడ బాగున్నది అద్దె మిగలడమొక్కటే కాదు. 100.4 అంటే ఏమిటో పక్కగది తల్లికి విడమరిచి చెప్పనక్కర్లేదు, సంచి సర్దడానికి తనే వచ్చేస్తుంది. గుండు పిల్లలంతా ఒకచోట ఉంటే ఎవరి గుండూ వింత కాదు. దీనికో వెల ఉంది. ఆ పిల్లల్లో ఎవరికైనా జబ్బు తిరగబెడితే, ఎవరైనా పోతే, ఇల్లంతా ఆ దెబ్బ తింటుంది. "పక్కగది పాప ఊరెళ్లిందని చెప్పాం. వాడు నమ్మలేదు" అని వార్డులో ఒకావిడ మాతో అంది. మనసు బొత్తిగా సున్నితమైన తల్లికి అద్దె గదే నయమేమో.

ఏ దారి పట్టినా ఊళ్లో వదిలేసిన పెద్ద పిల్లల కథ ఒకటుంటుంది. అక్క కూతురు ఆ ఏడాది అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఫోన్లో "తమ్ముడు తిన్నాడా?" అని అడిగేది. తను తిన్నదా అని మేమెవరం అడిగేవాళ్లం కాదని తర్వాత తనే చెప్పింది.

పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లకి ఈ లెక్కలేవీ సరిపోవు. పిల్లల వసతుల్లో చోటుండదు, చాలాచోట్ల పెద్దల వార్డులోనే చేరుస్తారు. అమీర్‌పేట హాస్టల్లో నలుగురితో గది పంచుకుంటూ మెస్ తిండి తింటూ కీమో నడవదు. చుట్టాల ఇంటి హాల్లో వాణ్ణి పడుకోబెట్టి వచ్చేపోయేవాళ్లకి చూపించడం ఇంకా అన్యాయం. వాళ్లకి తలుపు వేసుకునే గది కావాలి. కీమో మొదలవకముందే మాట్లాడాల్సిన విషయమొకటి కూడా ఉంది. కొన్ని మందులు ముందుముందు పిల్లలు పుట్టే అవకాశాన్ని దెబ్బతీస్తాయి. అబ్బాయిలు వీర్యం భద్రపరచుకోవచ్చు, అందుకు ఎక్కువ రోజులు పట్టదు. అమ్మాయిలకి అండాలు భద్రపరచాలంటే రెండు వారాల దాకా పడుతుంది, ల్యుకేమియాలో అంత వ్యవధి చాలాసార్లు ఉండదు. మన ఇళ్లలో తండ్రి కొడుకుతో ఈ మాట ఎత్తడు, మామయ్యలూ బాబాయిలూ చుట్టూ ఉంటే అసలు ఎత్తడు. డాక్టర్‌నే విడిగా మాట్లాడమని అడగండి.

మెయింటెనెన్స్ దశకి, అంటే ఎక్కువగా ఇంట్లోనే మాత్రలతో సాగే చివరి దశకి, వచ్చాక మాత్రం తక్కెడ ఊరివైపు మొగ్గుతుంది. రోజూ సాయంత్రం మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్, డాక్టర్ రమ్మన్నప్పుడు హైదరాబాద్. పిల్లవాడు బడికెళ్లొచ్చు, అక్కతో కొట్లాడొచ్చు. అయితే జ్వరం నియమం మాత్రం ఇంకా ఉంటుంది. ఊరికి బయలుదేరేముందు జ్వరమొస్తే ఏ ఇంజెక్షన్ ఎంత మోతాదులో ఇవ్వాలో ఆస్పత్రి లెటర్ మీద రాయించుకోవాలి. దాన్ని ఖమ్మంలో పిల్లల డాక్టర్‌కి ముందే చూపించి, అర్ధరాత్రి వస్తే చేర్చుకుంటారా అని అడిగి తెలుసుకోవాలి. బావ ఇద్దరు డాక్టర్లని అడిగాడు. ఒకాయన కుదరదన్నాడు, రెండో ఆయన ఆ లెటర్ జిరాక్స్ తీయించి తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు.