పులికాట్ కట్ట మీద మూడు రోజుల సైకిలు యాత్ర

సూళ్లూరుపేట దాటి తూర్పుగా శ్రీహరికోట దారి పట్టాక సైకిలుకు గేరు మార్చే పనే ఉండదు. దాదాపు 18 కిలోమీటర్ల దారిలో చెప్పుకోదగ్గ ఎత్తూ పల్లమూ లేదు. ఊరి పొలాలు దాటగానే రెండు పక్కలా పులికాట్ సరస్సు నీళ్లు, మధ్యలో నల్లని రోడ్డు, పైన ఆకాశం. కొత్తగా సైకిలు మొదలుపెట్టినవారికైనా, మోకాళ్ల భయంతో మానేసినవారికైనా ఇంతకంటే సులువైన దారి మన కోస్తాలో నాకు తెలిసి లేదు. సంక్రాంతి సెలవుల్లో పదమూడేళ్ల మా మేనల్లుణ్ని వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి కారు వెనుక రెండు మౌంటెన్ సైకిళ్లు కట్టుకుని బయలుదేరాను. మూడు రోజులు తిరిగాం.

నెల్లూరు నుంచి వస్తుంటే సూళ్లూరుపేట కంటే ముందు దొరవారిసత్రం వస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి దారి అక్కడే. కొందరు సూళ్లూరుపేటలో దిగి నేలపట్టుకు సైకిలు మీద వెనక్కి వస్తుంటారు. 20 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది కానీ అదంతా జాతీయ రహదారి. లారీల గాలికే సైకిలు ఊగుతుంది. పిల్లలతో వస్తే ఆ పని చేయకండి. కారునో ఆటోనో నమ్ముకుని నేలపట్టు చేరి, సైకిళ్లు అక్కడ దించుకోండి.

నేలపట్టుకు మేము మధ్యాహ్నం మూడింటికి చేరాం. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఈ చోటు మొత్తం 459 హెక్టార్లలోపే. అందులో చెరువు కొంతే, మిగిలినది చిట్టడవి. చెరువు నీళ్లలో మొలిచిన కడప చెట్లే ఇక్కడి ప్రాణం. అక్టోబరులో గూడబాతులు (పెలికాన్లు) వచ్చి ఆ కొమ్మల మీద గూళ్లు కడతాయి, మార్చి దాకా ఉంటాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అవే చెట్లను పంచుకుంటాయి. సైకిళ్లు గేటు దగ్గరే తాళం వేసి చెరువు కట్ట మీద నడిచాం. గూళ్లలో పిల్లలున్న కాలంలో చక్రాల చప్పుడు ఎందుకని మేమే అనుకున్నాం.

కట్ట మీద నుంచి చూస్తే దగ్గరి చెట్టు మా మేనల్లుడు గట్టిగా రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. ఒక తల్లి గూడబాతు పులికాట్ వైపు నుంచి వచ్చి, రెక్కలు సగం ముడుచుకుని, కొమ్మ విరిగిపోతుందేమో అన్నంత బరువుగా వాలింది. ఇంకా ఈకలు సరిగా రాని పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసింది. మెడ దాకా లోపలికి వెళ్లిపోయింది. "మామయ్యా, ఊపిరాడదేమో దానికి!" అని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి పిల్ల తల బయటికి తీసి, గొంతు ఉబ్బించి మింగింది. అప్పుడు వాడు వదిలిన నిట్టూర్పు నాకు ఇంకా గుర్తుంది. ఆ సాయంత్రం మేము చూసిన చెట్లు మూడో నాలుగో, అంతే. అది చాలింది.

చుట్టుపక్కల రైతులు ఈ పక్షులను తరతరాలుగా ఎందుకు కాపాడుతున్నారో పొలాలు చూస్తే తెలుస్తుంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు మడులకు పారితే అదే ఎరువు. ప్రభుత్వం బోర్డు పెట్టకముందే ఊరు పెట్టుకున్న కట్టుబాటు ఇది. లోపలి మ్యూజియం చిన్నదే అయినా పిల్లలకు అరగంట కేటాయించదగినది. బయట తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. మంచినీళ్లు, పులిహోరో అరటిపళ్లో వెంట తెచ్చుకోండి.

నేలపట్టు నుంచి తూర్పుగా పొలాల మధ్య సాగే మట్టి దారులే మౌంటెన్ సైకిలుకు తగినవి. మడుల గట్లు, రొయ్యల చెరువులు, తాటిచెట్లు, అక్కడక్కడా సర్కారు తుమ్మ పొదలు. మట్టి గట్టిగానే ఉంది కానీ ఆ తుమ్మ ముల్లు మాత్రం లావు టైరునైనా వదలదు. రెండు కిలోమీటర్లు పోకుండానే నా ముందు చక్రం నేలకు అతుక్కుపోయింది. వెంట తెచ్చిన ట్యూబు మార్చుకుని గండం గడిపాం. మర్నాడు సూళ్లూరుపేటలో ఒక పంక్చరు షాపులో పాత ట్యూబు చూపిస్తే, అక్కడి పెద్దాయన దాన్ని బకెట్ నీళ్లలో చుట్టూ తిప్పి ఒకటి కాదు, మూడు చోట్ల బుడగలు చూపించారు. మూడింటికీ ప్యాచీ వేసి, "టైరు లోపల వేలు పెట్టి చూసుకున్నారా? ముల్లు అక్కడే ఉంటే మళ్లీ పొడుస్తుంది" అన్నారు. నిజంగానే ఉంది. ఆ ఒక్క మాటకు ఆయనకు రుణపడి ఉంటాను. ఇక్కడికి వచ్చేవారు కనీసం రెండు ట్యూబులు, చేతి పంపు తప్పక తెచ్చుకోండి. లావు టైరు ట్యూబు మాకు ఊళ్లో దొరకలేదు. అద్దె సైకిళ్లూ మా కంట పడలేదు.

బస విషయం. మొదటి రాత్రి రహదారి పక్కన ఒక లాడ్జిలో దిగాం. గది పెద్దది, దుప్పట్లు శుభ్రం, కానీ సైకిళ్లు లోపలికి తేనివ్వలేదు. రాత్రంతా కారుకు కట్టేసి పడుకున్నాం, నిద్ర పట్టలేదు. పైగా రాత్రంతా లారీల హారన్లు. రెండో రాత్రి సూళ్లూరుపేట ఊరి లోపల, రైల్వే స్టేషను వైపు సందులో ఒక పాత లాడ్జికి మారాం. గది చిన్నది, గోడకు సున్నం రాలుతోంది, వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇస్తారు. కానీ యజమాని మెట్ల కింద చోటు చూపించి, తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు తీయించారు. పక్షుల కోసం వచ్చేవారికి ఏసీ గది కంటే ఆ తలుపే ముఖ్యం. జనవరిలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో వెళ్లాలనుకుంటే గదులు ముందే మాట్లాడుకోండి. నన్నడిగితే ఆ జనం తగ్గాక వెళ్లడమే మేలు.

భోజనాలకు సూళ్లూరుపేటలో లోటు లేదు. పొద్దున ఇడ్లీ, కారప్పొడి, మధ్యాహ్నం చేపల పులుసు. మామిడికాయ వేసి పులుసు పెట్టే మా నెల్లూరు పద్ధతి ఇక్కడా ఉంది.

ఇక సరస్సు. పెద్దవాళ్లు దీన్ని ప్రళయకావేరి అనేవారు. మన దేశంలో చిలికా తర్వాత ఉప్పునీటి సరస్సుల్లో ఇదే పెద్దది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీళ్లు ఒక వైపు, ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్లు మరో వైపు వచ్చి కలుస్తాయి. లోతు సగటున ఒక మీటరు మాత్రమే కాబట్టి పొడుగు కాళ్ల పక్షులకు ఇది వడ్డించిన విస్తరి. తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరాం. ఏడు దాటితే అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల బస్సులు వరుసగా వస్తాయి, రోడ్డు అంచుకు దిగి ఆగాల్సి వస్తుంది. ప్రయోగం ఉన్న రోజుల్లో ఆంక్షలుంటాయి కనుక ఆ తేదీలు చూసుకుని వెళ్లండి.

ఒక చిన్న కిటుకు చెబుతాను. వెళ్లేటప్పుడు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులు నల్లటి నీడల్లా కనిపిస్తాయి. కాబట్టి పోతూ ఎక్కువ ఆగకుండా దారిలో వచ్చే అటకానితిప్ప దాకా తొక్కేయండి. తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరం వైపు నీళ్ల మీద వెలుగు పడుతుంది, జనవరి గాలి కూడా వీపున తగిలి సైకిలును తోస్తుంది. మేము వెనుదిరిగేసరికి ఆ ఉత్తరం వైపే, రోడ్డుకు రెండు వందల గజాల్లో, ఫ్లెమింగోల గుంపు మేస్తోంది. తల కిందికి వంచి, ముక్కు తిరగేసి, బురదనీళ్లను జల్లెడ పడుతూ, అక్కడక్కడే అడుగులు వేస్తూ బురద కదిలిస్తున్నాయి. నిలబడి ఉన్నప్పుడు తెల్లగా కనిపించినవి, ఒకటి లేచి రెక్క విప్పగానే లోపల దాచుకున్న గులాబీ రంగు బయటపడింది. మా వాడు సైకిలు స్టాండు వేయడం కూడా మరచిపోయి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. దగ్గరికి వెళ్దామన్నాడు. నేను వద్దన్నాను. పైకి ఎండినట్టు కనిపించే ఆ చవిటి నేల కింద అడుసు ఉంటుంది, చక్రం ఇరుసు దాకా దిగిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, మనం నాలుగు అడుగులు వేస్తే అవి మేత వదిలేసి లేచిపోతాయి.

మనసుకు కష్టం కలిగించినది ఈ రోడ్డే. ఇంత హాయిగా తొక్కిన ఈ కట్టే సరస్సును అడ్డంగా విడదీసింది. తూములున్నా ఉత్తరం వైపు నీళ్ల రాకపోకలు మునుపటిలా లేవు. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. వేసవిలో ఆ వైపు నీళ్లు ఇంకి నేల బీటలు వారుతుంది. వలలు భుజాన వేసుకుని ఎదురొచ్చిన ఒక జాలరిని "చేపలు పడుతున్నాయా?" అని అడిగితే, "మా నాయన పట్టినన్ని పడవు సార్" అని ముందుకు నడిచారు. ముఖద్వారాలను పూడిక తీసి తెరిచి ఉంచాలన్న జాలర్ల కోరికను మన పక్షిప్రేమికులు కూడా గట్టిగా అడగాలి.

మూడో రోజు తడ మీదుగా భీములవారిపాలెం వెళ్లాం. ఇరకం దీవికి పడవలు కదిలే రేవు ఇదే. సైకిలు తొక్కడానికి ఇక్కడ దూరం తక్కువ, పక్షులు కూడా మాకు తక్కువే కనిపించాయి. రెండు రోజులే ఉన్నవారు దీన్ని వదిలేసి నేలపట్టుకు రెండో సాయంత్రం ఇవ్వండి. మేము కూడా చివరికి అదే చేశాం. మధ్యాహ్నానికే సైకిళ్లు కారుకు కట్టుకుని వెనక్కి వచ్చి, దొరవారిసత్రం దగ్గర మళ్లీ నేలపట్టు వైపు తిరిగాం. ఆ పిల్ల ఉన్న గూడు ఏ కొమ్మ మీదో మా వాడికి ఇంకా గుర్తుంది.