కమలాబాయా, ఋష్యేంద్రమణా?

చెన్నైలో పాత సినిమాలు కలిసి చూసే మా తెలుగు మిత్రుల్లో తరచూ వచ్చే చర్చ ఇది: నాటకాల నుంచి వచ్చిన తొలితరం నటీమణుల్లో ముందు ఎవరిని చూడాలి?

సురభి కమలాబాయి 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. అంటే తొలి తెలుగు టాకీ కథానాయిక. అప్పటికి ప్లేబ్యాక్ లేదు, నటులే పాడుకోవాలి. సురభి నాటకాల్లో పెరిగిన గొంతు కాబట్టి ఆమెకు అది సాధ్యమైంది. 1951లో ‘పాతాళభైరవి’లో ఆమే తోటరాముడి తల్లి. కథానాయికగా మొదలైన మనిషి అమ్మ పాత్రలో అంత సహజంగా ఒదిగిపోవడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది.

ఋష్యేంద్రమణి కూడా రంగస్థల నటే. 1935 ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ. ‘మల్లీశ్వరి’లో తల్లి నాగమ్మగా గయ్యాళితనం చూపించి, ‘మాయాబజార్’లో సుభద్రగా ఆత్మాభిమానం చూపించారు. వైవిధ్యంలో ఈమెదే పైచేయి.

అయినా నా ఓటు కమలాబాయికే. సుభద్రను అందరూ గుర్తుపడతారు, తోటరాముడి తల్లి పేరు మాత్రం చాలామందికి తెలియదు. వడపళని మీదుగా రోజూ తిరిగే మనవాళ్లకైనా, అక్కడి వాహినీ స్టూడియోలో పనిచేసిన ఆమె పేరు తెలియాలి.