ఛాతీలో మంటకు ఏది మేలు: వీడియో డాక్టరా, విశాఖ ప్రయాణమా, మందుల షాపా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో ఎవరికైనా ఛాతీలో మంట పుట్టినా, నోట్లోకి పులినీళ్లు వచ్చినా మొదట వెళ్లేది మందుల షాపుకే. "గ్యాస్ మాత్రలు ఒక షీటు ఇవ్వు బాబూ" అంటారు, ఆయన ఇస్తాడు, నాలుగు రోజులు హాయిగా గడుస్తుంది. నెలల తరబడి అలా నెట్టుకొచ్చి, మంట మాత్రలకు లొంగనప్పుడు పని మానుకుని విశాఖపట్నం రైలెక్కుతారు. ఈ రెండింటికీ మధ్య ఇప్పుడు మూడో దారి ఉంది, ఫోనులో డాక్టరుకు చూపించుకోవడం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్రమాద లక్షణాలు లేనివాళ్లకు మొదటి మెట్టుగా వీడియో డాక్టరే మేలు. ఆ లక్షణాలు ఉన్నవాళ్లు ఫోను పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. మందుల షాపునే డాక్టరుగా చేసుకోవడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

ఈ జబ్బు తీరు చూస్తే ఇలా ఎందుకు అంటున్నానో తెలుస్తుంది. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని వెంటనే మూసుకోవాలి. అది వదులైనా, వేళ కాని వేళ తెరుచుకున్నా కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పొట్ట నొక్కి చూస్తే బయటపడే జబ్బు కాదిది. మంట ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతోంది, తిన్న ఎంతసేపటికి వస్తోంది, వంగితే పెరుగుతోందా, పడుకుంటే గొంతులోకి పులుపు వస్తోందా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తోందా అన్న ప్రశ్నలకు రోగి చెప్పే జవాబులే ఇక్కడ ముఖ్యం. లక్షణాలు స్పష్టంగా ఉండి, ప్రమాద సూచనలేవీ లేకపోతే ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి లోపల చూసే పరీక్ష) చేయకుండానే ఆమ్లాన్ని తగ్గించే మందు ఎనిమిది వారాలు వాడి చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2022 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. అంత మాత్రానికి వీడియో సంభాషణ సరిపోతుంది.

జవాబుల మీద ఆధారపడిన వైద్యం కాబట్టి భాష సంగతి పెద్దదవుతుంది. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు ఒడియాలోనే అడుగుతారు. ఇక్కడే చదువుకున్న పిల్లలకు ఇబ్బంది లేదు. పాతపట్నం వైపు నుంచో పాలకొండ వైపు నుంచో కోడలిగా వచ్చి ఇల్లు దాటని పెద్దావిడకు ఉంది. ఆవిడ బాధను మనవడు రెండు ముక్కల్లో తర్జుమా చేస్తాడు. మంట కడుపులోనా, రొమ్ము ఎముక వెనకా అన్న తేడా ఆ రెండు ముక్కల్లో పోతుంది. చాలా యాప్‌లలో డాక్టరు ఏ భాషలు మాట్లాడతారో ముందే రాసి ఉంటుంది. తెలుగు డాక్టరును ఎంచుకుంటే ఆవిడే తన నోటితో చెప్పుకుంటుంది. ఈ ఒక్క కారణానికే నేను మన ఊళ్ల పెద్దవాళ్లకు వీడియో వైద్యం వైపు మొగ్గుతాను.

రాష్ట్రం వేరు కదా, ఆంధ్రా డాక్టరు రాసిన చీటీ ఇక్కడ చెల్లుతుందా అని చాలామంది అడుగుతుంటారు. చెల్లుతుంది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మన మధ్య పడిన గీత ఎన్నో విషయాల్లో అడ్డొస్తుంది, ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఒడిశా నివాసికి వర్తించదు. కానీ 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం నమోదైన డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న రోగినైనా ఫోనులో చూడవచ్చు. చీటీ మీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. ఆ నంబరు లేని చీటీతో మందులు కొనవద్దు.

మందుల షాపును ఎందుకింత గట్టిగా వద్దంటున్నానో చెప్పాలి. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటి మందులు షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముడవుతున్నాయి. పైగా అడగకుండానే చేతికొచ్చేది చాలాసార్లు వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కూడా కలిపిన గుళిక. డోంపెరిడోన్ కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుందని తేలాక యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లో దాన్ని వికారం, వాంతులకే పరిమితం చేసింది, అది కూడా సాధారణంగా వారం మించకుండా. మన దగ్గర అరవై దాటిన వాళ్లు, గుండె జబ్బున్న వాళ్లు కూడా నెలల తరబడి మింగుతున్నారు. అదే షాపులో మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కూడా కొంటారు. ఆ నొప్పి మాత్ర కడుపు పొరను పుండు చేస్తుంది, గ్యాస్ మాత్ర ఆ బాధను కప్పేస్తుంది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. షాపు ఆయనను నిందించి లాభం లేదు, రోగి చరిత్ర అడిగే బాధ్యత ఆయనది కాదు.

వేసుకునే వేళ కూడా చెప్పేవాళ్లుండరు. పాంటోప్రజోల్ వంటి మాత్రను భోజనం చేశాక వేసుకుంటే సగం వృథా. భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే ఆహారం వచ్చినప్పుడు పని మొదలుపెట్టే ఆమ్ల గ్రంథులనే అది అడ్డుకుంటుంది. "మందు పనిచేయడం లేదు" అనేవాళ్లలో కొందరికి ఈ ఒక్క మాటతో తేడా కనిపిస్తుంది.

వీడియో డాక్టరుకు డబ్బు పెట్టలేనివాళ్లకు ఈ-సంజీవని ఉంది. కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం, ఫోను నంబరుతో నమోదై టోకెన్ తీసుకోవాలి. స్మార్ట్‌ఫోను లేకపోతే ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరానికి వెళితే అక్కడి ఆరోగ్య అధికారి పెద్ద డాక్టరుతో కలుపుతారు. గజపతి జిల్లా కొండ ఊళ్లలో సిగ్నల్ దొరకని చోట ఇదే నయం. బీపీ, బరువు కూడా అక్కడే చూస్తారు. ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. లోపం ఏమిటంటే భాష మన చేతిలో ఉండదు, ప్రతిసారీ అదే డాక్టరు దొరకరు. ఇది నెలల పాటు గమనించాల్సిన జబ్బు కనుక ఆ లోపం చిన్నది కాదు.

ఇక ఫోను పనికిరాని చోట్లు. మింగుతుంటే ముద్ద అడ్డం పడటం, మింగితే నొప్పి, తెలియకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యమైనది గుండె నొప్పి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో చేతికో పాకితే, నడిస్తే పెరిగితే అది గ్యాస్ అనుకుని వీడియో కాల్ కోసం వరుసలో కూర్చోకండి. 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, ముసలివాళ్లలో గుండెపోటు ఉత్త "గ్యాస్" లాగే రావచ్చు. తెర మీద ముఖం చూసి దాన్ని తేల్చలేరు, ఈసీజీ తీయాల్సిందే. "నిన్న రాత్రి గ్యాస్ అన్నాడు, పొద్దునకు లేడు" అనే మాట మన వీధుల్లో ఇంకా వినిపిస్తోంది. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

విశాఖ వెళ్లడం వల్ల దక్కేది ప్రధానంగా ఎండోస్కోపీ, జీర్ణకోశ నిపుణుడి చూపు. ఎనిమిది వారాలు సరిగ్గా మందు వాడినా తగ్గకపోయినా, ఆపగానే మళ్లీ మొదలైనా అప్పుడు వెళ్లాలి. గంజాం వైపు వాళ్లకు బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. రాయగడ, గుణుపురం వాళ్లకు రైలు సౌకర్యం వల్ల విశాఖే అలవాటు. వెళ్లేముందు ఒకసారి ఫోనులో డాక్టరును అడిగి వెళ్లండి. పరీక్షకు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఆమ్లం తగ్గించే మాత్రలు ఆపమనవచ్చు, లేకపోతే అన్నవాహికలోని పుండ్లు మానిపోయి కనిపించకపోవచ్చు. ఇది తెలియక పరగడుపున అంత దూరం వెళ్లి, అరకొర రిపోర్టుతో తిరిగి వచ్చేవాళ్లున్నారు.

ఆన్‌లైనులో కూడా అందరు డాక్టర్లూ ఒక్కలా ఉండరు. రెండు నిమిషాల్లో మందు రాసి ముగించే కాల్‌కూ షాపులో కొన్న షీటుకూ తేడా లేదు. మంచి డాక్టరు మీరు వాడే బీపీ మందు, నొప్పి మాత్రలు, ఆస్పిరిన్ గురించి అడుగుతారు. జేకేపూర్ కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, తిని వెంటనే పడుకునే మనిషికి, పొలం పనికి పోయే మనిషికి ఒకే సలహా ఇవ్వరు. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచమని, మంచం తలవైపు ఎత్తు చేయమని, ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చెబుతారు. మన వైపు నుంచీ దాపరికం ఉండకూడదు. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అలవాటున్న పెద్దావిడ సిగ్గుపడి ఆ మాట చెప్పకపోతే తెర అవతలి డాక్టరుకు వాసన తెలియదు, పొగ మానకుండా మంట తగ్గడం కష్టం.

కాల్‌కు ముందు వాడుతున్న మందుల షీట్లన్నీ దగ్గర పెట్టుకోండి. చివర్లో ఒక ప్రశ్న మీరే అడగండి: "ఈ మందు ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి?" నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం రెట్టించి మంట తిరగబెట్టవచ్చు, అందుకే కొందరు డాక్టర్లు మోతాదు మెల్లగా తగ్గిస్తారు. జవాబుగా ఒక తేదీ చెప్పి, ఆ రోజుకు మళ్లీ కాల్ పెట్టమన్న డాక్టరును వదులుకోకండి.