గెట్ ఆపితే సరిపోలేదు: కుబెర్నెటీస్ ఆర్‌బ్యాక్‌పై నా రివ్యూ

కుబెర్నెటీస్ అంటే చాలా సర్వర్లను ఒక గుంపుగా (క్లస్టర్) కలిపి వాటి మీద అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్. అందులో ఎవరు ఏం చేయొచ్చో రోల్స్ రాసి నిర్ణయించే పద్ధతి ఆర్‌బ్యాక్. మా క్లస్టర్‌లో ఒక మానిటరింగ్ టూల్ పెట్టాల్సి వచ్చింది. ఏ నేమ్‌స్పేస్‌లో (క్లస్టర్‌లోని ఒక విభాగం) ఎన్ని సీక్రెట్లు (పాస్‌వర్డ్‌ల లాంటివి దాచే చోట్లు) ఉన్నాయో లెక్కపెట్టి చూపించడం దాని పనుల్లో ఒకటి. లోపలి పాస్‌వర్డ్‌లతో దానికి అవసరం లేదు. అందుకని రోల్ రాసేటప్పుడు సీక్రెట్ల మీద గెట్ (పేరు చెప్పి ఒకదాన్ని తెచ్చుకునే అనుమతి) ఇవ్వలేదు, లిస్ట్ (ఉన్నవాటి జాబితా అడిగే అనుమతి) ఒక్కటే ఇచ్చాను. పరీక్షించాను కూడా. ఆ టూల్ సర్వీస్ అకౌంట్‌తో (మనుషులకు కాక ప్రోగ్రాములకు ఇచ్చే ఖాతా) డేటాబేస్ సీక్రెట్‌ను పేరు పెట్టి అడిగితే ఫర్బిడెన్ అని వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అదే అకౌంట్‌తో ఇంకోలా అడిగింది. ఏ పేరూ చెప్పకుండా, ఉన్న సీక్రెట్లన్నీ యామల్ అనే టెక్స్ట్ రూపంలో ఇమ్మంది. నేమ్‌స్పేస్‌లో ఉన్నవన్నీ లోపలి విలువలతో సహా స్క్రీన్ మీదకి వచ్చేశాయి. "ఇవి రాకూడదు కదండీ?" అంది. విలువలు బేస్64 అనే రాత పద్ధతిలో ఉంటాయి, అది తాళం కాదు, ఒక్క కమాండ్‌తో విప్పేయొచ్చు. మొదటిది విప్పితే నేను దాచాననుకున్న డేటాబేస్ పాస్‌వర్డే కనిపించింది. ఆ సాయంత్రం ఒక్కొక్క పాస్‌వర్డూ మార్చుకుంటూ కూర్చున్నాం. అంతకుముందు ఎవరైనా చదివారేమో అని ఎవరేం అడిగారో రాసి ఉండే ఆడిట్ లాగ్‌లు తిరగేస్తున్నంతసేపూ టెన్షనే.

పొరపాటు నాది. లిస్ట్, వాచ్ (మార్పులను గమనిస్తూ ఉండే అనుమతి) ఇస్తే సీక్రెట్ల లోపలి విషయం కూడా చదవొచ్చని కుబెర్నెటీస్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. కానీ లిస్ట్ అన్న మాట చూసిన మనిషికి పేర్ల జాబితా తప్ప ఇంకేం తడుతుంది? చాలాకాలంగా ఆర్‌బ్యాక్ వాడుతున్న నాకు దీని మీద ఉన్న అసలు ఫిర్యాదు ఇదే. ఇందులో ఒక మాట చెప్పేది ఒకటి, దాంతో తెరుచుకునే తలుపులు ఇంకెన్నో.

బాగున్నవి ముందు చెప్పాలి. ఆర్‌బ్యాక్ 2017లో 1.8 వెర్షన్‌తో స్థిరపడింది. దీని లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఇవ్వనిది లేదు, ఇచ్చిందే ఉంది. ఫలానాది వద్దు అని రాసే రూలే ఇందులో లేదు. మొదట్లో అది లోటనిపించింది, ఇప్పుడు మేలనిపిస్తోంది. ఒకరికి ఏమేం ఉన్నాయో తెలియాలంటే వాళ్ల బైండింగ్‌లన్నీ (రోల్‌ని ఒకరికి ముడిపెట్టేవి) కలిపి చూస్తే చాలు. ఏ రూల్ దేన్ని కొట్టేస్తుందో అని తల పట్టుకోనక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. తన దగ్గర లేని అధికారాన్ని ఎవరూ ఇంకొకరికి రాసివ్వలేరు, క్లస్టర్‌కి వచ్చే రిక్వెస్ట్‌లను అందుకునే ఎపిఐ సర్వర్ అక్కడే ఆపేస్తుంది. ఎస్కలేట్ (తనకు లేని అధికారాలతో రోల్ రాయడం), బైండ్ (తనకు లేని రోల్‌ని ముడిపెట్టడం) అనే రెండు ప్రత్యేక అనుమతులు ఉన్నవాళ్లకే మినహాయింపు. మీ క్లస్టర్‌లో ఆ రెండూ, వాటితోపాటు ఇంపర్సొనేట్ (ఇంకొకరి పేరుతో పనిచేసే అనుమతి), ఎవరెవరికి ఉన్నాయో ఈరోజే వెతికి చూడండి.

ఇక లిస్ట్ కంటే పెద్ద తలుపు పాడ్‌లు (అప్లికేషన్ నడిచే చిన్న యూనిట్లు) క్రియేట్ చేసే అనుమతి. డెవలపర్‌కి సీక్రెట్ల మీద ఏ హక్కూ ఇవ్వలేదనుకోండి, పాడ్ నడుపుకునే హక్కు మాత్రం ఇచ్చారు. అతను ఒక పాడ్ రాసి, అదే నేమ్‌స్పేస్‌లోని సీక్రెట్‌ని దానికి మౌంట్ చేసి (ఫైల్‌లా తగిలించి), లోపలికెళ్లి చదువుకోవచ్చు. అక్కడున్న ఏ సర్వీస్ అకౌంట్ పేరుతోనైనా ఆ పాడ్‌ని నడపొచ్చు. ఆ అకౌంట్‌కి పెద్ద అధికారాలుంటే అవన్నీ అతని చేతికి వచ్చినట్టే. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, దీని కట్టుబడే అంత. అందుకే అసలు గోడ నేమ్‌స్పేస్ దగ్గర కట్టుకోవాలి. ఒకరినొకరు చూడకూడని రెండు టీమ్‌లను ఒకే నేమ్‌స్పేస్‌లో పెట్టి రోల్స్‌తో విడదీద్దామనుకుంటే కుదరదు.

నిజమైన లోపాలూ వచ్చాయి. 2018 డిసెంబర్‌లో బయటపడిన సీవీఈ-2018-1002105 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నంబరు) సంగతి చూడండి. దాని తీవ్రత 10కి 9.8. కనెక్షన్ అప్‌గ్రేడ్ చేయమని (మామూలు కనెక్షన్‌ని తెరిచి ఉండే దారిగా మార్చమని) ప్రత్యేకంగా తయారుచేసిన రిక్వెస్ట్ పంపితే, ఎపిఐ సర్వర్ దాన్ని వెనకున్న సర్వర్‌కి అందించేది. ఆ అప్‌గ్రేడ్ విఫలమైనా దారి మూసుకునేది కాదు. ఆ తెరిచిన దారిలో పంపినవన్నీ ఎపిఐ సర్వర్ సొంత గుర్తింపుతో వెళ్లేవి, రోల్స్‌ని అడిగే నాథుడే లేడు. పైగా అలా వెళ్లినవి ఎపిఐ సర్వర్ ఆడిట్ లాగ్‌లో కనబడేవి కావు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. మేం ఆ సాయంత్రం కనీసం లాగ్‌లు చూసి ఊపిరి పీల్చుకోగలిగాం, అలాంటి రంధ్రం ఉంటే ఆ ఊరటా ఉండదు. 1.10.11, 1.11.5, 1.12.3 వెర్షన్లలో దాన్ని సరిచేశారు.

నేను మార్కులు తగ్గించేది మరొక చోట, సర్టిఫికెట్ల దగ్గర. క్లయింట్ సర్టిఫికెట్‌తో (గుర్తింపు కార్డు లాంటి ఫైల్) లోపలికొచ్చే మనిషి ఉద్యోగం మానేస్తే, గడువు తీరేదాకా ఆ ఒక్క సర్టిఫికెట్‌ని రద్దు చేసే దారి కుబెర్నెటీస్‌లో లేదు. బైండింగ్‌లు తీసేస్తే అతని అధికారాలు పోతాయి, అంతవరకు నయం. కానీ ఆ సర్టిఫికెట్ సిస్టమ్ మాస్టర్స్ గ్రూపుదైతే ఆర్‌బ్యాక్ ఏమీ చేయలేదు, ఆ గ్రూపుకి ఏ రూల్స్ లేకుండానే అన్నీ తెరిచే ఉంటాయి. క్లస్టర్ కట్టడానికి వాడే క్యూబ్‌ఎడిఎమ్ అనే టూల్ 1.29 నుంచి రోజువారీ అడ్మిన్ ఫైల్‌ని ఆ గ్రూపులోంచి తీసి, సర్వాధికారం ఉన్నదాన్ని సూపర్ అడ్మిన్ పేరుతో వేరే ఫైల్‌లో పెట్టింది. మంచి మార్పే, చాలా ముందే రావాల్సింది. మనుషుల లాగిన్‌కి మేం సర్టిఫికెట్లు పూర్తిగా మానేసి, వేరే లాగిన్ సర్వీస్ ద్వారా గుర్తింపు చూసే ఓఐడీసీకి మారిపోయాం.

ఐదుకి నాలుగు ఇస్తాను. దీన్ని వదిలేసి వేరేది వాడమని చెప్పను. ఆథ్ కెన్-ఐ కమాండ్‌ని మాత్రం చేతిలో ఉంచుకోండి. అవతలి అకౌంట్ పేరు ఇచ్చి అడిగితే ఒక నేమ్‌స్పేస్‌లో దానికి ఏమేం ఉన్నాయో చూపిస్తుంది. ఇప్పుడు మా దగ్గర కొత్త రోల్ ఏది వచ్చినా, రాసిన మనిషి కాకుండా ఇంకొకరు ఆ అకౌంట్‌గా మారి, దానికి దొరక్కూడనిది లాగడానికి ప్రయత్నిస్తారు. గెట్‌తో ఒకసారి, లిస్ట్‌తో ఒకసారి, పాడ్ నడిపి ఇంకోసారి.

ఆ మానిటరింగ్ టూల్ నుంచి లిస్ట్ కూడా తీసేశాం. పేర్లు చూపించి విలువలు దాచే అనుమతి ఆర్‌బ్యాక్‌లో రాయడానికి వీల్లేదు మరి. డ్యాష్‌బోర్డ్‌లో సీక్రెట్ల సంఖ్య చూపించాల్సిన గడి ఇప్పుడు ఖాళీగా ఉంది. దాన్ని నింపమని ఇప్పటికి ఇద్దరు అడిగారు, ఇద్దరికీ ఆ యామల్ అవుట్‌పుట్ చూపించాను.