యజమాని మారిన కంపెనీ బండి: పదేళ్లు, 1,68,000 కిలోమీటర్ల తర్వాత

పలాసలో మాది జీడిపప్పు వ్యాపారం. 2014లో హైదరాబాద్‌లో ఒక యూరప్ కంపెనీ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. 2012 మోడల్, అప్పటికి 31,000 కిలోమీటర్లు తిరిగింది. పంతొమ్మిది లక్షలు పెట్టాను. ఇప్పుడు మీటర్ మీద 1,68,000 ఉంది. నెలకు రెండు మూడుసార్లు విశాఖపట్నం, జీడి పిక్కల సీజన్‌లో మందస, పర్లాకిమిడి వైపు, ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్. బండి ఊరికే షెడ్డులో ఉన్న రోజులు తక్కువ.

కంపెనీ పేరు రాయను. నా ఒక్క బండిని చూసి ఆ కంపెనీ మొత్తం ఇంతే అనడం న్యాయం కాదు. కానీ ఒక్క సంగతి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఈ బండి డిజైన్ చేసినప్పుడు ఆ కంపెనీ ఒక పెద్ద గ్రూపు చేతిలో ఉంది. నా బండి ఫ్యాక్టరీ దాటేసరికి ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయింది. కొనే ముందు మా బావ మరీ మరీ చెప్పాడు: "చేతులు మారిన కంపెనీ బావా, క్వాలిటీ పడిపోద్ది, వద్దు." ఆ మాట నిజమా కాదా అని పదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. మా బావ భయపడిన చోట ఏమీ కాలేదు. అసలు ఎవరూ అనుకోని చోట దెబ్బ తగిలింది.

ముందు బండి గురించి. సీట్లు ఈ రోజుకీ కుంగలేదు. మడపాం టోల్ దాటి టెక్కలి వైపు వెళ్తుంటే వందలో కూడా వెనక సీట్లో మా అమ్మ నిద్రపోతుంది, అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. గేర్‌బాక్స్ ఆయిల్ రెండుసార్లు మార్చాను, అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి లేచేసరికి మా జీడి తోటలో చెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఈ బండే ఇంటిల్లిపాది ఫోన్లకు ఛార్జర్, మందులు తెచ్చే బండి, పక్క ఊరి నుంచి బంధువులను ఎక్కించుకొచ్చే బండి. ఆ వారం రోజులు అది మమ్మల్ని ఒక్కసారి కూడా వదిలేయలేదు. ఆ సంగతి నేను మర్చిపోలేను.

ఇక తేడాల సంగతి.

2017లో రణస్థలం దాటాక బండి ఒక్కసారిగా లాగడం మానేసింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసినట్టు చప్పుడు. మెల్లగా నడుపుకుంటూ శ్రీకాకుళంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి చేర్చాను. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు పైపు పగిలింది. అతను దాన్ని ఊడదీసి, గుడ్డతో ఆయిల్ తుడిచి, వెలుతురులోకి తిప్పి చూపించాడు. పైపు మీద అచ్చు పోసిన గుర్తు మా కంపెనీది కాదు, పాత యజమాని గ్రూపుది. "ఇదేటన్నా, పైనొక పేరు, లోనొక పేరు?" అన్నాడు. విశాఖలోని సర్వీస్ సెంటర్ నుంచి కొత్త పైపు తెప్పిస్తే 11,600 రూపాయలయింది. డబ్బా మీద కొత్త యజమాని పేరుతో స్టిక్కర్. మూల కొంచెం లేచి ఉంటే గోటితో గీరాను. కింద పాత గ్రూపు పేరు అలాగే ఉంది. పైపూ అదే, డబ్బా కూడా అదే.

రెండేళ్లకు కింది పైపు కూడా పోయింది. ఈసారి మెకానిక్ పార్ట్ నంబర్ కాగితం మీద రాసుకుని, అదే పాత గ్రూపు మన దేశంలో అమ్మిన ఒక మామూలు కారు నంబర్‌తో పోల్చాడు. ముందున్న అక్షరాలు తప్ప అంకెలన్నీ అవే. విశాఖలో ఒక స్పేర్స్ షాపులో 4,200కే దొరికింది. ఈ రోజుకీ అదే పైపు బండిలో ఉంది.

లగ్జరీ కార్లో మామూలు కారు పార్టు అంటే చాలామందికి మోసంలా అనిపిస్తుంది. నాకలా అనిపించడం లేదు. లక్షల కార్లలో పడే పైపును ఎక్కువ టెస్ట్ చేసి ఉంటారు, పాడైతే ఎక్కడైనా దొరుకుతుంది. సీటు, సస్పెన్షన్, స్టీరింగ్ సొంతంగా చేసుకుని, కంటికి కనపడని బేరింగులు, పైపులు, సెన్సార్లు గ్రూపు నుంచి తీసుకోవడంలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడంటే, అలాంటి రబ్బరు పైపుకే స్టిక్కర్ మార్చి దాదాపు మూడింతలు తీసుకోవడంలో ఉంది.

అసలు కష్టం 2019లో వచ్చింది. తలుపుల లాకులు, అద్దాలు నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోయింది. కాశీబుగ్గలో మా ఆవిడ బండిలో ఉండగా తలుపులు లాకైపోయాయి, అద్దం దిగలేదు. ఎండలో పది నిమిషాలు, నాకు చచ్చే టెన్షన్. చివరికి వెనక డోర్ తెరుచుకుంది. సర్వీస్ సెంటర్లో చెప్పింది ఇదీ: "సార్, ఆ నంబర్ ఆపేశారు. దాని బదులు కొత్తది వచ్చింది, దానికి వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి." కొత్తది రావడానికి పదకొండు వారాలు పట్టింది. వచ్చాక బండి దాన్ని గుర్తించలేదు, ఇంకో వారం. మధ్యలో ఆ డీలర్‌షిప్ కూడా చేతులు మారింది. పాత వాళ్ల దగ్గర ఉన్న నా సర్వీస్ రికార్డు కొత్త వాళ్ల కంప్యూటర్లో లేదు. అడిగితే పాత బిల్లులు తెమ్మన్నారు.

కంపెనీ చేతులు మారడం అంటే పేపర్లో వచ్చే వందల కోట్ల అంకె కాదని నాకు ఆ పన్నెండు వారాల్లో అర్థమైంది. గోడౌన్‌లో ఒక నంబర్ ఆగిపోవడం, సప్లయర్‌తో ఉన్న కాంట్రాక్టు ముగిసిపోవడం, సర్వీస్ కంప్యూటర్ పాత మాడ్యూల్‌ను గుర్తుపట్టకపోవడం. బెంగళూరులో ఉన్నవాడు ఇంకో షాపు వెతుక్కుంటాడు. పలాస నుంచి విశాఖ రానూ పోనూ దాదాపు రోజంతా పని. మా జిల్లాలో ఉన్నవాళ్లం పార్టు కోసం కట్టే అసలు ధర బిల్లు మీద కనపడదు.

ఆ రోజుల్లోనే ఇలా కార్ల కంపెనీలు చేతులు మారిన చరిత్ర మొత్తం చదివాను. నాకు అన్నిటికంటే బాగా నచ్చిన ఉదాహరణ ల్యాండ్ రోవర్ కంపెనీది, 2002లో వచ్చిన మూడో తరం రేంజ్ రోవర్. దాన్ని తయారు చేయించింది 1994లో ల్యాండ్ రోవర్‌తో సహా రోవర్ గ్రూపును కొన్న బీఎండబ్ల్యూ. పెట్రోల్, డీజిల్ ఇంజన్లు కూడా మొదట వాళ్లవే. 2000లో బీఎండబ్ల్యూ ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్‌కు అమ్మేసింది కాబట్టి మార్కెట్లోకి తెచ్చింది ఫోర్డ్. తర్వాత పెట్రోల్ బండ్లలో బీఎండబ్ల్యూ ఇంజన్లు తీసి జాగ్వార్ ఇంజన్లు పెట్టారు. 2008లో టాటా మోటార్స్ జాగ్వార్, ల్యాండ్ రోవర్ రెండింటినీ 230 కోట్ల డాలర్లకు కొంది. ఆ మోడల్ 2012 దాకా టాటా చేతుల్లో అమ్ముడైంది. ఒక్క బండికి ముగ్గురు యజమానులు. దానిలో ఏ లోపానికి ఎవరిని నిలదీయాలి?

జాగ్వార్ సంగతి ఇంకా చిత్రం. ఫోర్డ్ దాన్ని 1989లో కొంది. 2001లో ఫోర్డ్ మామూలు కారు మాండియో ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం) మీద ఎక్స్-టైప్ తెస్తే జనం దాన్ని జాగ్వార్ అని ఒప్పుకోలేదు, అనుకున్నంత అమ్ముడుపోలేదు. కానీ అమెరికాలో మూడేళ్లు వాడిన కార్లకు ఎన్ని సమస్యలు వచ్చాయని జె.డి. పవర్ అనే సంస్థ చేసే సర్వేలో 2009లో బ్యూక్‌తో పాటు జాగ్వార్ మొదటి స్థానంలో నిలిచింది, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్న లెక్సస్‌ను దాటి. అప్పటికి టాటా కొని ఏడాది కూడా నిండలేదు. ఆ సర్వేలో ఉన్న కార్లు ఫోర్డ్ కాలంలో చేసినవి. మంచి పేరు మాత్రం టాటా రోజుల్లో వచ్చింది.

నాకు అర్థమైంది ఇదే. కొత్త కారు తయారవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఈ రోజు షోరూంలో ఉన్న బండి అప్పటి యజమాని ఖర్చు పెట్టిన డబ్బు, అప్పటి ఇంజనీర్ల పని. ఇప్పటి యజమాని మంచివాడో కాదో తెలియాలంటే ఇంకో మోడల్ వచ్చేదాకా ఆగాలి. వోల్వోను 2010లో చైనా కంపెనీ గీలీ ఫోర్డ్ నుంచి 180 కోట్ల డాలర్ల ఒప్పందంతో కొన్నప్పుడు మా వ్యాపారుల్లో కూడా "ఇక అయిపోయింది" అన్నవాళ్లున్నారు. గీలీ డబ్బు పెట్టి, స్వీడన్ ఇంజనీర్లను వాళ్ల పని వాళ్లను చేయనిచ్చింది. సొంత ప్లాట్‌ఫామ్, సొంత ఇంజన్లతో రెండో తరం ఎక్స్‌సీ90 బయటకు వచ్చింది 2014లో. నాలుగేళ్లు.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1998లో మెర్సిడెస్ చేసే జర్మనీ కంపెనీ డైమ్లర్, అమెరికా కంపెనీ క్రైస్లర్ కలిశాయి. 2005లో మెర్సిడెస్ 13 లక్షల కార్లను ఎలక్ట్రానిక్స్, బ్రేకుల సమస్యలతో వెనక్కి పిలిచింది. అవి క్రైస్లర్ పార్టుల వల్ల వచ్చిన సమస్యలు కావు. నిజానికి పార్టులు అటు నుంచి ఇటు కాదు, ఇటు నుంచి అటు వెళ్లాయి: క్రైస్లర్ 300లో మెర్సిడెస్ సస్పెన్షన్ భాగాలు, గేర్‌బాక్స్ వాడారు. నా అభిప్రాయంలో, పెద్దవాళ్ల దృష్టి, డబ్బు రెండు ఇళ్ల మధ్య చీలినప్పుడు సొంత ఇంట్లో పని పలచబడుతుంది. 2007లో విడిపోయారు.

అందుకే పాత లగ్జరీ బండి చూసే మా జిల్లా వాళ్లెవరైనా అడిగితే నేను యజమాని ఎవరని చూడొద్దంటాను. కంపెనీ అమ్మకం జరిగిన ఏడాది, ఆ మోడల్ మొదలైన ఏడాది పక్కపక్కన రాసుకోమంటాను. అమ్మకానికి ముందే కొన్నేళ్లు అమ్ముడైన మోడల్ అయితే భయం లేదు, పార్టులు బయట కూడా దొరుకుతాయి. అమ్మకం తర్వాత కొత్త ఇంజన్‌తో వచ్చిన మొదటి రెండేళ్ల బండ్ల జోలికి మాత్రం నేను పోను. ఇంకొకటి, డోర్ మాడ్యూల్, కీ, స్క్రీన్ నంబర్లు ఇప్పుడు దొరుకుతున్నాయా అని కొనకముందే స్పేర్స్ కౌంటర్లో అడగాలి. ఇంజన్ గురించి అందరూ అడుగుతారు, వీటి గురించి ఎవరూ అడగరు.

నా బండి ప్రస్తుతం శ్రీకాకుళంలో మెకానిక్ దగ్గర ఉంది. వెనక సస్పెన్షన్ బుష్‌లు అరిగాయి. సర్వీస్ సెంటర్లో కొత్తవి ఎప్పుడొస్తాయో చెప్పలేకపోయారు. మెకానిక్ మళ్లీ నంబర్ రాసుకుని విశాఖలోని స్పేర్స్ షాపుకు ఫోన్ చేశాడు. శుక్రవారం బస్సుకు వేస్తామన్నారట.